అంటార్కిటికా సర్దీ: మంచు మీద మకాన్, రాతి మీద మకాన్

మా నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళకు దుష్మన్ ఎండే. కానీ ఆ ఎండే లేకపోతే సముద్రపు నీరు ఉప్పు కాదు. అదే సముద్రపు నీరు దునియా దక్షిణపు కొసన మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఓడల దారి మూసేస్తుంది. ఆ సర్దీలో మనవాళ్ళు ఎలా బతికారన్న తారీఖ్ మన ఇళ్ళలో పెద్దగా వినిపించదు.

అబ్దుల్ కలాం సాహెబ్ పేరు తెలియని పిల్లలు మనలో లేరు. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? అలహాబాద్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివిన సముద్ర శాస్త్రవేత్త ఆయన. అంటార్కిటికాకు మన ముల్క్ పంపిన మొదటి కాఫిలాకు సర్దార్ ఆయనే. 1981 డిసెంబర్ 6న 21 మంది గోవాలో ఓడ ఎక్కి, 1982 జనవరి 9న ఆ మంచు మీద కాలు పెట్టారు. పది రోజులకే వెనుదిరిగారు. అది అక్కడి ఎండాకాలం.

అసలు ఇమ్తిహాన్ చలికాలమే. 1983-84లో వెళ్ళిన మూడో కాఫిలాకు హర్ష్ గుప్తా నాయకుడు. తర్వాత హైదరాబాద్ ఎన్.జి.ఆర్.ఐ.కి డైరెక్టర్ అయింది ఆయనే. ఆ బృందం దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని కట్టింది. 12 మంది అక్కడే ఉండి మొదటి చలికాలం గడిపారు.

అక్కడ ఒక్క మందపాటి కోటుతో పని జరగదు. పొర మీద పొర వేసుకోవాలి. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. చెమట పట్టేలా పనిచేస్తే ఖత్రా, తడిసిన లిబాస్ ఒంట్లో వేడిని లాగేస్తుంది. వట్టి చేత్తో ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. మంచు తుపానులో చెయ్యి చాపినంత దూరం కూడా కనబడదు కాబట్టి తాడు పట్టుకునే నడవాలి. ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు. అన్నిటికన్నా పెద్ద ఖౌఫ్ నిప్పు. గాలి పొడిగా ఉంటుంది, ఇల్లు కాలితే తలదాచుకోవడానికి మరో చోటు లేదు.

చలికాలంలో దాదాపు రెండు నెలలు సూరజ్ కనిపించడు. ఫజర్ ఎప్పుడో, మగ్రిబ్ ఎప్పుడో ఆకాశం చెప్పదు. తిండికీ, నిద్రకీ, పనికీ గడియారమే వక్త్ చెబుతుంది. ఆ పాబందీ తప్పితే దిల్ కుంగిపోతుంది.

ఇంత హిమ్మత్ చూపినా దక్షిణ గంగోత్రి నిలవలేదు. మంచు పలక మీద కట్టిన మకాన్ అది. ఏటేటా మంచు పేరుకుని దాన్ని కప్పేసింది. 1990లో దాన్ని వదిలేయక తప్పలేదు. ఆ తజుర్బా వృథా కాలేదు. 1989 నాటికే షిర్మాకర్ ఒయాసిస్‌లో మైత్రి కేంద్రం సిద్ధమైంది. ఈసారి రాతినేల చూసుకున్నారు. ఇంటిని స్తంభాల మీద పైకెత్తారు, గాలి కిందినుంచి మంచును ఊడ్చుకుపోతుంది. తాగునీటికి పక్కనే సరస్సు ఉంది. 2012లో మూడో కేంద్రం భారతి వచ్చింది.

సర్దీని జబర్‌దస్తీగా ఓడించలేదు, దాని మిజాజ్ తెలుసుకుని సర్దుకున్నారు.

ఆ కేంద్రాలకు శాస్త్రవేత్తలే కాదు, డాక్టరు, వంటమనిషి, ఎలక్ట్రీషియన్, మెకానిక్ కూడా వెళ్తారు. జనరేటర్ ఆగితే ఎంత ఇల్మ్ ఉన్నా గడ్డకట్టిపోవాల్సిందే. పని కోసం దేశాలు పట్టి పోతున్న మన ఉద్దానం నౌజవాన్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. చేతిలో ఉన్న హునర్ చిన్నదేమీ కాదు.