పుట్టలోని బూజు: కోనిగ్ పరిశీలన, బళ్లారి నేల

యొహాన్ గెర్హార్డ్ కోనిగ్ (1728–1785) పేరు వృక్షశాస్త్రం చదివినవారికి కొత్త కాదు. కరివేపాకుకు లిన్నేయస్ 1771లో పెట్టిన బెర్గెరా కోనిగీ అన్న శాస్త్రీయ నామంలో ఆయన ఉన్నాడు. కోరమండల్ తీరపు మొక్కలను గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బర్గ్‌కు మార్గదర్శి అయిన పెద్దగానూ ఆయన చరిత్రలో ఉన్నాడు. శిలీంధ్రశాస్త్ర చరిత్రలో మాత్రం ఆయనకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. ఇది న్యాయం కాదు. 1779లో బెర్లిన్ ప్రకృతి పరిశోధకుల సంఘం అచ్చువేసిన ఆయన చెదల వ్యాసం దక్షిణ భారత శిలీంధ్ర అధ్యయనానికి తొలి గట్టి ఆధారాల్లో ఒకటి. బళ్లారి వంటి మెట్ట జిల్లాలో నేల సారాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ వ్యాసం తెరిచిన దారిలోనే వెళ్లాలని నా వాదన.

లివోనియాలో కోనిగ్ పుట్టిన చోటు ఇప్పుడు లాట్వియాలో ఉంది. కాబట్టి నేటి సరిహద్దుల లెక్కన ఆయనను జర్మనీవాడు అనలేం. మాతృభాషను, చెదల వ్యాసం రాసిన భాషను బట్టి జర్మన్ శాస్త్రజ్ఞుడనడం సబబు. స్వీడన్‌లో లిన్నేయస్ దగ్గర చదివాడు. డెన్మార్క్‌లో ఉన్న రోజుల్లో, 1764–65లో, ఐస్‌లాండ్ వెళ్లి మొక్కలు సేకరించాడు. అక్కడి కోనిగియా ఐస్‌లాండికా అనే చిన్న మొక్క ఆయన పేరునే మోస్తోంది. చెట్లు అరుదైన ఆ దీవిలో బండలను కప్పేవి నాచులు, లైకెన్లు. ఒక రకం లైకెన్‌ను అక్కడివారు జావ కాచుకుని తాగేవారు కూడా. పువ్వు లేనిదాన్ని తక్కువగా చూడని అలవాటు కోనిగ్‌కు అక్కడే బలపడి ఉంటుందని నా అంచనా. 1768లో డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడి చేరాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో, 1778 నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. సయాం దాకా తిరిగాడు. 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. రాతప్రతులు లండన్‌లో ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. మనిషి తెలుగు నేలలో కలిసిపోయాడు, కాగితాలు సముద్రం దాటాయి.

చెదల వ్యాసానికి ఆధారం తంజావూరు ప్రాంతపు పుట్టలు. అందులోని ఒక ముచ్చటను రెండేళ్ల తర్వాత, 1781లో, పశ్చిమ ఆఫ్రికా చెదల మీద రాసిన హెన్రీ స్మీత్‌మన్ ప్రత్యేకంగా ఉటంకించాడు. ఉసుళ్ళు లేచే కాలానికి ముందే జనం పుట్టకు రెండు కన్నాలు చేస్తారు. గాలి వచ్చే వైపు కన్నం దగ్గర కంపు కొట్టే సరుకుతో పొగ పెడతారు. అవతలి వైపు కన్నానికి కుండ మూతి ఆనిస్తారు. ఆ కుండ లోపల ముందే రుద్ది ఉంచే ఆకు బెర్గెరా, అంటే మన కరివేపాకే. పొగ భరించలేని ఉసుళ్ళు కుండలో పడతాయి. వాటిని పిండితో కలిపి వంటకాలు చేసి బీదలకు చౌకగా అమ్మేవారు. ఇంత దగ్గరగా చూసిన మనిషి పుట్ట పైభాగం దగ్గర ఆగలేదు. లోపలి గదుల్లోని, తేనెపట్టులాంటి మెత్తటి పట్టునూ, దాని మీది బూజునూ, తెల్లని చిన్న గుండ్లనూ చూశాడు. అవి చెదపిల్లలకు ఆహారమని తలచాడు. చెదకూ శిలీంధ్రానికీ ఉన్న బంధం గురించి శాస్త్ర సాహిత్యంలో దొరికే మొదటి మాట అది.

ఆ మాట నిలబడింది. పని చెదలు ఎండుకట్టెనూ గడ్డినీ తిని, సగం అరిగిన మలంతో ఆ పట్టు కడతాయి. తిండితో పాటు కడుపులోకి పోయిన శిలీంధ్ర బీజాలు పట్టు మీద మొలుస్తాయి. చెద తానుగా పూర్తిగా అరిగించుకోలేని కట్టె పదార్థాన్ని శిలీంధ్రం విరగ్గొడుతుంది. గుండ్లను చెదలు తింటాయి, పాతబడిన పట్టునూ తింటాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే పొడవాటి వేరులాంటి కాడతో పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. దీనికి టెర్మిటోమైసెస్ అనే ప్రజాతిని రోజర్ హైమ్ 1942లో ఏర్పరచాడు. హైమ్ పేరున దక్షిణ భారతం నుంచి ఒక జాతిని కె. నటరాజన్ 1979లో, అంటే కోనిగ్ వ్యాసానికి సరిగ్గా రెండు వందల ఏళ్లకు, వర్ణించాడు. మధ్యలో 1879లో మరో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటోన్ డె బారీ శిలీంధ్రమూ శైవలమూ కలిసి లైకెన్‌గా బతకడాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుని సహజీవన భావనను స్థిరపరిచాడు. ఆ భావన లేని కాలంలోనే కోనిగ్ రెండు జీవుల బతుకును ఒకే గదిలో చూశాడు.

ఇక్కడ ఆక్షేపణలు రావచ్చు. కోనిగ్ ఆ శిలీంధ్రానికి పేరు పెట్టలేదు, దాని జీవచక్రం వివరించలేదు, అతడు శిలీంధ్రశాస్త్రజ్ఞుడెలా అవుతాడని అడగవచ్చు. పేరు పెట్టడమే శాస్త్రమైతే ఈ ప్రశ్న సరైనదే. సంబంధాన్ని గుర్తించడమూ శాస్త్రమే కదా! రెక్కల ఉసుళ్ళన్నీ ఆడవేనని ఆయన పొరబడ్డాడు. అది వ్యాసంలోని మిగతా వాటిని జాగ్రత్తగా చదవమని చెబుతుందే తప్ప పట్టు మీది పరిశీలనను కొట్టివేయదు. ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. పుట్టలు తవ్వినవారికీ, వానాకాలంలో గొడుగులు ఏరినవారికీ ఇవన్నీ ముందే తెలుసు, కోనిగ్ కొత్తగా కనిపెట్టింది ఏమిటని. ఇందులో సగం నిజముంది. కుండ, పొగ, కరివేపాకు వారి విద్యే. ఆ మనుషుల పేర్లు మనదాకా రాలేదు, ఆ లోటు పూడ్చలేనిది. అయితే చూసినదాన్ని ఇతరులు పరీక్షించగలిగేలా అచ్చులో పెట్టింది కోనిగే.

తంజావూరు ముచ్చటకూ బళ్లారికీ ఏం సంబంధమన్నది చివరి ప్రశ్న. తంజావూరు కావేరి నీటి సీమ. బళ్లారి వానకు మొహం వాచిన సీమ. వాదన అక్కడే బలపడుతుంది. నేల పైన తేమ లేని నెలల్లో జొన్న కొయ్యకాళ్లు, రాలిన ఆకు, ఎండిన పేడ త్వరగా కుళ్లవు. పుట్ట లోపల మాత్రం తేమ నిలుస్తుంది, శిలీంధ్రం పని ఆగదు. అంటే మెట్టచేలో చెత్త మట్టిగా మారే పనిలో మంచి భాగం చెదల గదుల్లోనే జరుగుతుంది. వేరుశనగ రైతుకు చెద శత్రువే, అందులో సందేహం లేదు. కానీ మందు పోసి పుట్టను చంపే ముందు ఆ లెక్క కూడా వేయాలి. సండూరు కొండల ఎర్రనేలలో గని తవ్వకాలు సాగిన చోట్ల తిరిగి అడవి పెంచేవారు మొక్కలను లెక్కపెట్టినంత శ్రద్ధగా పుట్టలనూ లెక్కపెట్టాలి.

1953 అక్టోబరు 1న ఉమ్మడి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. చెదలకు ఆ గీత పట్టదు. సరిహద్దుకు ఇటు అనంతపురంలోనూ అటు బళ్లారిలోనూ శ్రీకృష్ణదేవరాయల పేరుతోనే విశ్వవిద్యాలయాలున్నాయి. రెండు చోట్ల పరిశోధకులూ కలిసి, తెలుగు, కన్నడ రైతుల మాటలతో సహా, రాయదుర్గం నుంచి సండూరు దాకా పుట్టల శిలీంధ్రాల పట్టిక ఒకటి తయారుచేయాలి. అందులో పుట్ట తెరిచి చూపినవారి పేర్లు కూడా ఈసారి నమోదు కావాలి.