సపోర్టెడ్ లివింగ్: సంరక్షణ నాణ్యత మదింపు (ఇంగ్లండ్)

తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారు తమ పేరిటే అద్దె ఒప్పందం చేసుకుని, వంటలో, మందుల్లో, డబ్బు లెక్కల్లో సిబ్బంది సాయంతో బతికే ఏర్పాటును సపోర్టెడ్ లివింగ్ అంటారు. ఇందులో ఇల్లు వేరు, సంరక్షణ వేరు. తనిఖీ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ నమోదు చేసుకునేది స్నానం, దుస్తులు వంటి వ్యక్తిగత సంరక్షణ అందించేవారినే. గోడకు పట్టిన చెమ్మ దాని పరిధిలోకి రాదు. మాటసాయం, గుర్తుచేయడంతోనే సరిపెట్టుకునే సేవలు చాలావరకు ఈ తనిఖీకి చిక్కవు. అసలు లొసుగు ఇదే.

ఆ ఖాళీని కొంత పూడ్చేది క్వర్క్-ఎస్ఏ ప్రశ్నావళి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన హెలెన్ కిలాస్పీ బృందం అంతకుముందున్న ఐరోపా సాధనం నుంచి దీన్ని మలిచింది. నివాస వాతావరణం, స్వయంనిర్ణయం, మానవ హక్కులు సహా ఏడు అంశాలను కొలుస్తుంది. జవాబులిచ్చేది మేనేజరే కనుక నివాసి మాట విడిగా వినాల్సిందే. గది తాళంచెవి ఎవరి దగ్గరుంది? రాత్రి పదింటికి టీ పెట్టుకోవాలంటే ఎవరినైనా అడగాలా?

ఆ బృందమే సపోర్టెడ్ లివింగ్ సహా వివిధ రకాల సేవల్లో ఉన్న 619 మందిని అధ్యయనంలో చేర్చుకుని 30 నెలలు గమనించింది. మొత్తంమీద సుమారు 40 శాతం మంది తక్కువ సాయంతో నెట్టుకురాగలిగే స్థితికి చేరారు. కేర్‌హోముల్లో అది 10 శాతం, సిబ్బంది ఇంటికొచ్చి వెళ్లే సేవల్లో 67 శాతం. ఈ అంకెలతో సేవలకు ర్యాంకులివ్వడం పొరపాటు. కేర్‌హోముల్లో ఉన్నవారి అవసరాలే ఎక్కువ.