కూతురు రాసిన కాటన్ కథ

చింతలపూడి నుంచి ఏలూరుకు బస్సులో వస్తుంటే కళ్ళముందే నేల మారిపోతుంది. పైన మెట్ట: ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, జీడిమామిడి, మామిడి, వాటి మధ్య బోర్లు. కింద ఏలూరు దాటితే చాలు, కొల్లేరు దాకా పల్లం, వరి, చేపల చెరువులు. రెండింటికీ మధ్య దూరం పెద్దగా ఉండదు. అయినా ఇక్కడి కుటుంబాల బతుకులను నూట డెబ్బై ఏళ్ళుగా ఒక గీత రెండుగా చీల్చింది. కాలవ పారే నేల ఒకవైపు, పారని నేల ఒకవైపు.

ఆ గీత గీసిన కాలవల వెనక ఉన్న మనిషిని డెల్టా రైతులు కాటన్ దొర అంటారు. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఇంజనీరుగా ఆయన అందరికీ తెలుసు. ఒక తండ్రిగా, తొంభై ఆరేళ్ళు నమ్మకంతో, పనితో బతికిన ఇంటిపెద్దగా ఆయన కథ చెప్పింది మాత్రం కూతురు. ఎలిజబెత్ కాటన్, పెళ్ళయ్యాక లేడీ హోప్, తండ్రి చనిపోయిన మరుసటి ఏడాదే, 1900లో, ఆయన జీవితాన్నీ కృషినీ పుస్తకంగా లండన్‌లో అచ్చు వేయించింది. కాటన్ గురించి ఆ తర్వాత రాసినవాళ్ళలో చాలామంది ఆ పుస్తకం తలుపు తట్టినవాళ్ళే.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదువుకుని, ఇరవై ఏళ్ళు నిండకముందే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. యువకుడిగా ఉండగానే క్రైస్తవ భక్తి ఆయన్ని గట్టిగా పట్టుకుంది, చివరిదాకా విడవలేదు. ఆ భక్తి ఆదివారం గుడితో ఆగేది కాదు. సముద్రంలోకి పోతున్న నీటిని పక్కనే ఎండుతున్న పొలానికి మళ్ళించకపోవడం ఆయన లెక్కలో పాలకుల తప్పు, అది కూడా దేవుడికి జవాబు చెప్పుకోవలసిన తప్పు. ప్రభుత్వానికి రాసిన నివేదికల్లో మాత్రం శిస్తు పెరుగుతుందని, లాభం వస్తుందని అంకెలు వేసి చూపించేవాడు. కంపెనీ చెవికి ఎక్కే మాట అదొక్కటే అని ఆయనకు బాగా తెలుసు.

1830ల్లో కావేరి, కొల్లిడం మీద ఆయన కట్టిన ఆనకట్టలు తంజావూరు డెల్టాను నిలబెట్టాయి. అక్కడ ఆయనకు పాఠం చెప్పింది కల్లణై. వందల ఏళ్ళ కిందట చోళుల నాటి పనివాళ్ళు ఇసుకలోనే పునాది వేసి నదికి అడ్డంగా కట్టిన రాతికట్ట అది. కింద గట్టి రాయి తగలకపోయినా ఇసుక మీద ఆనకట్ట నిలుస్తుందని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని కాటన్ దాచుకోకుండా చెప్పాడు. గోదావరి మీద ఆయన ధైర్యానికి మూలం అదే.

ఆ పనుల్లో ఆరోగ్యం చెడి సెలవు మీద టాస్మేనియా వెళ్ళాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1842 డిసెంబరులో కూతురు పుట్టింది.

తిరిగొచ్చి చూసిన రాజమండ్రి జిల్లా దీనంగా ఉంది. 1832–33 కరువు గుంటూరును తుడిచిపెట్టింది, గోదావరి సీమనూ వదల్లేదు. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఇంత పెద్ద నది పక్కన పారుతుండగా ఇంతమంది ఎలా తగ్గిపోయారన్నదే కాటన్ ప్రశ్న.

1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, లంకల మీదుగా, రెండు మైళ్ళకు పైగా రాతికట్ట. ఆయన అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్న కొద్దిమందితో, వేల మంది కూలీలతో పని నడిపించాడు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి కొట్టి పట్టాల మీద నదిదాకా తెచ్చారు, అక్కడి నుంచి పడవల్లో మోశారు. ఆ కూలీలను కూడగట్టి నిలబెట్టిన వీణెం వీరన్న పేరు కాటన్ పేరు పక్కనే ఉండాలి. మండుటెండలో, ముంపులో రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళలోనూ ఎందరో తండ్రులున్నారు.

1848లో ఎండదెబ్బకు కాటన్ మళ్ళీ పడిపోయాడు. రెండేళ్ళు దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ కాలంలో పని మోసింది కెప్టెన్ ఓర్. తర్వాత బెజవాడలో కృష్ణా ఆనకట్ట కట్టినవాడూ ఆయనే. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తయింది.

విజ్జేశ్వరం వైపు నుంచి బయల్దేరిన కాలవ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరింది. బెజవాడ నుంచి కృష్ణా కాలవ వచ్చి ఇక్కడే కలిసింది. కాటన్ దృష్టిలో కాలవంటే నీటితోపాటు దారి కూడా. అందుకే లాకులు. పడవ లాకు గదిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. ముందు తలుపుల్లోని తూములెత్తితే పై నీళ్ళు లోపలికి దూకుతాయి, ధాన్యం బస్తాలతో సహా పడవ ఉన్నచోటే మెల్లగా పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానం కాగానే తలుపులు తెరుచుకుంటాయి, గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని మళ్ళీ లాగడం మొదలుపెడతారు. గోదావరి బియ్యం అలా తాడు మీదే పొరుగు జిల్లాలకు నడిచింది. 1876–78 మహా కరువులో దక్షిణాదంతా అల్లాడుతుంటే ఈ డెల్టా తను తిని, బయటికీ పంపింది.

పడవల మీద ప్రేమ ఆయన్ని రైళ్ళతో పోట్లాడించింది. ఆ డబ్బు కాలవల మీద పెడితే తిండీ దొరుకుతుంది, రవాణా చవకవుతుంది అని ఎన్నో ఏళ్ళు వాదించాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. కమిటీ ఒప్పుకోలేదు. రవాణా సంగతి ఎలా ఉన్నా, కరువు సంగతిలో ఆయన మాటే నిలిచింది. రైలు బియ్యాన్ని మోసుకొస్తుంది గాని, పండించలేదు.

మెట్టకు మాత్రం ఆయన కాలవ ఎక్కలేదు. నీరు పల్లమెరుగు. చింతలపూడి రైతు వానను, చెరువును, ఆ తర్వాత బోరును నమ్ముకున్నాడు. నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరుకు జలాశయం కట్టారు. గోదావరి నీటిని పైకి తెచ్చే చింతలపూడి ఎత్తిపోతల పథకం 2008లో మొదలై ఏళ్ళూ పూళ్ళూ సాగుతూ వచ్చింది. కాలవ నీళ్ళు లేకుండా పిల్లల్ని చదివించి, అప్పులు తీర్చి, తోటలు నిలబెట్టిన మెట్ట తండ్రుల కష్టం డెల్టా కష్టం కన్నా ఒక పిసరు ఎక్కువే.

కాటన్ కుటుంబం చివరికి లండన్‌కు దక్షిణాన డోర్కింగ్‌లో స్థిరపడింది. అక్కడ కూతురు ఎలిజబెత్ తాగుడు మాన్పించడానికి పనివాళ్ళ కోసం కాఫీ గది నడిపింది, 1876లో దాని గురించి పుస్తకం రాసింది. అదే ఏడాది డెబ్బై మూడేళ్ళ తండ్రి అరబిక్ వాచకం ఒకటి అచ్చు వేశాడు. ముసలితనంలోనూ పెరటి మడిలో లోతుగా తవ్వి, మట్టి గుల్ల చేసి, గోధుమ దిగుబడి ఎంత పెరుగుతుందో చూసుకునేవాడు. నీళ్ళు తెచ్చినవాడు నేల సంగతీ తేల్చుకోవాలనుకున్నాడు.

1899 జులై 24న కాటన్ కన్నుమూశాడు. ఆ ఏడాదే వానలు మొహం చాటేసి గుజరాత్, రాజస్థాన్, మధ్య భారతంలో ఘోరమైన కరువు పడింది. కూతురు ఆ పుస్తకం అచ్చు వేయించే సమయానికి ఆ ప్రాంతాల్లో జనం ఆకలితో పోతూనే ఉన్నారు. ఆమె తండ్రి జ్ఞాపకాలతో సరిపెట్టుకోలేదు. 1877 కరువును కళ్ళారా చూసి రాసిన పాత్రికేయుడు విలియం డిగ్బీ చేత, కాటన్ కరువు నివారణ ఆలోచనల మీద ఒక అధ్యాయం రాయించి అందులో చేర్చింది.