బోరు మోటారుకు బుర్ర పెట్టే చదువు.. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులు ఎందుకు అవసరం?

త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి, రాగానే బోరు దగ్గరికి పరుగెత్తడం.. అనంతపురం జిల్లా విడపనకల్లు లాంటి మెట్ట మండలాల రైతులకు బాగా తెలిసిన పని. నేలలో తేమ చూసి మోటారును ఆన్, ఆఫ్ చేసే చిన్న సర్క్యూట్ కట్టడం ఇంజినీరింగ్ విద్యార్థికి పెద్ద కష్టమేం కాదు. కానీ నాలుగేళ్ల కోర్సు పూర్తయినా సోల్డరింగ్ ఐరన్ పట్టని వాళ్లు చాలామందే ఉన్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొని సబ్మిట్ చేసే అలవాటూ ఉంది. "ఇక్కడ ఈ రెసిస్టర్ ఎందుకు?" అని ఇంటర్వ్యూలో అడిగితే అంతే సంగతులు. ఈ లోటు తీర్చేవే చేతితో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు.

ఇవి ఎలా మొదలయ్యాయి?

అమెరికాలోని ఎంఐటీలో 2001లో 'ఫ్యాబ్ ల్యాబ్' ఆలోచన పుట్టింది. ఎవరైనా వచ్చి మెషీన్లతో తమకు కావాల్సింది తయారు చేసుకోవచ్చన్నది దాని ఉద్దేశం. 2002లో అది మన దేశానికి వచ్చింది. విశేషం ఏంటంటే, అప్పుడు ఎంచుకున్నది మహానగరాన్ని కాదు.. పుణె దగ్గర కరువు ప్రాంతమైన పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమాన్ని. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఆర్డుయినో బోర్డు తయారైంది. దాంతో మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ కాలేజీ కుర్రాళ్లకు బాగా దగ్గరైంది.

ఏం చేయిస్తారు?

ముందు మల్టీమీటర్‌తో వోల్టేజ్, రెసిస్టెన్స్ కొలవడం. తర్వాత బ్రెడ్‌బోర్డుపై ఎల్ఈడీ వెలిగించడం. ఆపై ఆర్డుయినో ఊనో లాంటి బోర్డుకు కోడ్ ఎక్కించడం, సెన్సర్ కలపడం. చివరగా సోల్డరింగ్. సర్క్యూట్ పని చేయకపోతే తప్పు ఎక్కడుందో వెతకడమే ఇక్కడ అసలు పాఠం. లూజు వైరా, గ్రౌండ్ కలపలేదా, కోడ్‌లో పిన్ నంబర్ తప్పా? ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే సమస్య దొరుకుతుంది.

కోడ్ కాపీ కొడితే ఏమవుతుంది?

తేమ సెన్సర్ సంగతే చూద్దాం. ఆర్డుయినో ఊనో దాని సిగ్నల్‌ను 0 నుంచి 1023 మధ్య అంకెగా చదువుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్‌లో 'ఇంత దాటితే మోటారు ఆన్' అని ఎవరో రాసి పెట్టి ఉంటారు. అది మన పొలానికి సరిపోవాలని లేదు. విడపనకల్లు వైపు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. జిల్లాలో మరోచోట ఎర్ర నేలల్లో తడి త్వరగా ఆరిపోతుంది. అందుకే ఆ పొలం మట్టినే తెచ్చి, పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిపాక ఒకసారి రీడింగ్ తీసుకోవాలి. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు.

ఇంకో చిక్కు.. రెండు లోహపు పుల్లలుండే చవక రకం సెన్సర్ తడి మట్టిలో తుప్పు పడుతుంది, రీడింగ్ మారిపోతుంది. లోహం బయటికి కనిపించని కెపాసిటివ్ రకం ఎక్కువ కాలం వస్తుంది.

మోటారు దగ్గర జాగ్రత్త!

ఆర్డుయినో ఊనో నడిచేది 5 వోల్టులతో. బోరు మోటారుకు వచ్చేది 415 వోల్టుల త్రీఫేజ్. బోర్డు పంపే సిగ్నల్‌తో రిలే పని చేస్తుంది, రిలే స్టార్టర్‌ను నడుపుతుంది. మోటారుకు నేరుగా కలపకూడదు. పైగా ఒక ఫేజ్ పోయినా, బోరులో నీళ్లు లేకుండా తిరిగినా మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది. అది కాలితే రీవైండింగ్ ఖర్చు రైతు మీదే. కాబట్టి తేమ ఒక్కటే చూసే ప్రాజెక్టు పొలానికి పనికిరాదు.. ఫేజ్ చెకింగ్, డ్రై రన్ రక్షణ కూడా ఉండాల్సిందే. వర్క్‌షాపులో మాత్రం మోటారు బదులు చిన్న బల్బు పెట్టి పరీక్షించాలి. అసలు కనెక్షన్ ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగానే జరగాలి.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇలాంటి ల్యాబ్‌ల కోసం ఏఐసీటీఈ 2021లో 'ఐడియా ల్యాబ్' పథకం తెచ్చింది. హైదరాబాద్ రాయదుర్గంలో 78 వేల చదరపు అడుగుల 'టీ-వర్క్స్' 2023 మార్చిలో ప్రారంభమైంది. నమూనాలు తయారు చేసుకునే సదుపాయం అక్కడ ఉంది. స్కూలు పిల్లలకైతే 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద టింకరింగ్ ల్యాబ్‌లున్నాయి. 6 నుంచి 12వ తరగతి వరకు వాటిని వాడుకోవచ్చు.

ఫీజు కట్టే ముందు ఇవి అడగండి

- ఒక్కో కిట్‌కు ఎంతమంది? ఇద్దరు దాటితే మిగతావాళ్లు చూస్తూ ఉండాల్సిందే.
- కిట్ ఇంటికి ఇస్తారా? ప్రాక్టీస్ ఆగితే నేర్చుకున్నది మరిచిపోతారు.
- పాడైన సర్క్యూట్ ఇచ్చి బాగు చేయిస్తారా?
- చివరి రోజు సొంతంగా ఏదైనా చేయనిస్తారా, లేక సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారా?

సర్టిఫికెట్ ఫైల్లో ఉంటుంది. సొంతంగా కట్టిన సర్క్యూట్ గురించి మాత్రం ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పొచ్చు.