మధుమేహం – చర్మ సమస్యలు

షుగర్ వ్యాధి సంగతిని రక్తపరీక్ష కంటే ముందే చర్మం బయటపెట్టవచ్చు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి, మందమెక్కి, చేతికి మఖమల్ గుడ్డలా తగులుతుంది. వైద్యులు దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఇళ్లలోనేమో మట్టి పట్టిందని సున్నిపిండి పెట్టి రుద్దుతారు. రుద్దితే పోయేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు రక్తంలో దాని మోతాదు పెరిగి, చర్మకణాలు అతిగా ఎదగడమే దీనికి కారణం. పక్కనే చిన్న పులిపిర్లు వేలాడుతుంటే పరీక్ష చేయించుకోవాల్సిందే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

మోకాలి కింద, కాలి ముందువైపు గోధుమరంగు మచ్చలు కూడా మధుమేహుల్లో తరచు కనిపిస్తాయి. స్వీడన్ వైద్యుడు హాన్స్ మెలిన్ 1964లో వీటిని వర్ణించాడు. నొప్పి ఉండదు, మందూ అక్కర్లేదు. షుగర్ వల్ల వేళ్ల చర్మం, కీళ్లు బిగుసుకున్నవారు నమస్కారం పెడితే అరచేతులు పూర్తిగా ఆనవు.

అసలు ప్రమాదం పుండ్లతోనే. చింతలపూడి మెట్టలో ఆయిల్‌పామ్ గెలలు కోసేవారికి మట్టల ముళ్లు గుచ్చుకోవడం మామూలే. కొల్లేటి చుట్టుపక్కల చేపలు, రొయ్యల చెరువుల్లో దిగేవారికి కాళ్లు నానడం, రొయ్య ముల్లు దిగడం అంతే మామూలు. షుగర్ అదుపు తప్పిన మనిషికి నరాలు మొద్దుబారి ముల్లు దిగిన సంగతే తెలియదు. రక్తనాళాలు సన్నబడితే పుండు మానదు. తెల్లకణాల చురుకు తగ్గి సూక్ష్మజీవులకు అడ్డూ ఉండదు. మంచినీటి చెరువుల్లో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియాకు చిన్న గాటు చాలు.

నానిన వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి, చిట్లి, ఫంగస్ చేరుతుంది. ఆ పగుళ్ల గుండా బ్యాక్టీరియా లోపలికి దిగితే కాలు ఎర్రబడి, వాచి, జ్వరం వస్తుంది. గోదావరి జిల్లాలు బోదకాలు ఎరిగినవి కాబట్టి, ఆ వాపును దాని ఖాతాలో వేసి రోజులు గడిపేసే ప్రమాదముంది.

తామర, సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ వస్తున్నా, మర్మావయవాల దగ్గర దురద వదలకపోయినా షుగర్ చూపించుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి గనుక, వాటివల్ల కూడా ఈ దురద రావచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెబితే మందు మార్చవచ్చు.

పాదాల స్పర్శను 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో నిమిషాల్లో పరీక్షిస్తారు. స్పర్శ తగ్గినవారికి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు సూచిస్తారు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం, తిమ్మిరెక్కిన కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టడం వీరు మానుకోవాలి.