హార్మోనియం పెట్టె, దాని చక్రాలు

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా పద్యనాటకానికి హార్మోనియం లేనిదే తెర లేవదు. అదీ లెగ్ హార్మోనియం కావాలి. చేతిపెట్టెకైతే ఒక చెయ్యి తిత్తి ఊదడానికే సరిపోతుంది. నటుడు పద్యం ముగింపులో రాగం అందుకుంటే వెంట నడవడానికి రెండు చేతులూ కావాలి కదా! అందుకే గాలి పని కాళ్లకు అప్పగించారు. కాకపోతే బరువు.

ఈ వాద్యానికి 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ పేటెంటు తీసుకున్నాడు. అప్పుడది గదిలో ఓ మూల స్థిరంగా ఉండే సామాను. మన దేశానికి వచ్చాక కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని వాయించే చేతిపెట్టెగా మలిచాడు. లెగ్ హార్మోనియం మరో దారి పట్టింది: కాళ్లు, తొక్కుడు పలకలు మడిచేస్తే వాద్యమే పెట్టె. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వెంట వెళ్లిన మతగురువులు ఇలాంటి మడత ఆర్గన్లనే మోసుకెళ్లారు. ఊరూరా తిరిగే మన నాటక సమాజాలకూ అదే కలిసొచ్చింది. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు గానీ, మన రంగస్థలం దాన్ని వదల్లేదు.

ప్రయాణాల్లో మోసే పెట్టెకు చక్రం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. చక్రాల సూట్‌కేసుకు బెర్నార్డ్ సాడోకు అమెరికాలో పేటెంటు దక్కింది 1972లో. నిలబెట్టి లాగే రకాన్ని 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ తయారుచేశాడు. ఆ బుల్లి చక్రాలు విమానాశ్రయాల నున్నటి నేలకోసం పుట్టినవి. వాద్యాల పెట్టెలకూ వాటినే బిగిస్తే పల్నాడు నాపరాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. కంకర మీద ప్రతి కుదుపూ నేరుగా లోపలికి పోతుంది. మరలు వదులై గాలి కారుతుంది, ఇత్తడి రీడ్లు మూగబోతాయి.

చక్రం ఎంత పెద్దదైతే రాయిని అంత తేలిగ్గా ఎక్కి దిగుతుంది. కోటప్పకొండకు పెద్ద చక్రాల బండ్ల మీద ప్రభలు లాగే ఊళ్లకు ఇది వేరే చెప్పాలా? పెట్టెకే చక్రాలు బిగించడం కన్నా, గాలి నింపిన టైర్లున్న చిన్న బండి మీద మందపాటి స్పాంజి పరిచి, పెట్టెను పట్టీలతో కట్టడం మేలు. రైలెక్కేటప్పుడు బండిని విడదీసుకోవచ్చు. సైకిల్ షాపు, వెల్డింగ్ షాపు ఉన్న ఏ ఊళ్లోనైనా ఇది తయారవుతుంది. నాటక సమాజాలవారు ముందు ఒక్కటి చేయించి చూడండి.