నడవగల బిడ్డకు బండి అవసరమా?

అయిదేండ్ల పిల్లవాడు ఇంటివద్ద ఉదయం నుండి సాయంకాలం వరకు పరుగులు పెడుతూనే ఉంటాడు. అదే పిల్లవాణ్ణి తల్లిదండ్రులు ఒక పెద్ద ఉద్యానవనానికో, వినోదవనానికో తీసుకొనిపోతే, రెండు గంటలు గడవకముందే "ఎత్తుకో" అని చేతులు చాస్తాడు. విదేశాల వినోదవనాలలో ఇట్టి పిల్లలను కూర్చోబెట్టి త్రోసుకొనిపోవడానికి చిన్న బండ్లు అద్దెకు దొరుకుతవి. వీటిని స్ట్రోలర్లు అంటారు. మన దేశంలో కూడా అరకులోయ వంటి విహారస్థలాలకు వచ్చే కుటుంబాలు వీటిని వెంట తెచ్చుకొంటున్నవి. "నడక వచ్చిన వాడికి బండి ఎందుకు? సోమరితనం అలవాటవుతుంది" అని కొందరంటారు. "పసివాణ్ణి ఏడిపిస్తూ నడిపించడం ఏం న్యాయం?" అని మరికొందరంటారు.

ఈ తగవు నిన్న మొన్నటిది కాదు. బిడ్డను ఎంత వయస్సు వరకు మోయాలి, ఎప్పుడు నేలమీద దించాలి అనే ప్రశ్న, మానవుడు కాలినడకన సంచరించిన నాటినుండి తల్లులందరికీ ఎదురైనదే. దాని చరిత్రను పరిశీలిస్తే, జవాబు బిడ్డ వయస్సులో మాత్రమే లేదని, కాలి పొడవులోను, ముందున్న బాటలోను కూడ ఉన్నదని తెలుస్తుంది.

బురదలో మిగిలిన అడుగులు

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో వైట్ శాండ్స్ అనే ప్రదేశం ఉన్నది. పూర్వం అక్కడ ఒక పెద్ద సరస్సు ఉండేది. ఆ సరస్సు ఒడ్డున తడిమట్టిలో పడిన అడుగుజాడలు పదివేల ఏండ్లకు పైబడి చెదరకుండా నిలిచినవి. వాటిలో ఒక వరుసను పరిశోధకులు 2020లో వర్ణించారు. ఒక మనిషి, బహుశః యువతి, కిలోమీటరుకు పైగా తిన్నగా, వడిగా నడిచిపోయినది. ఆమె అడుగుల ప్రక్కన అక్కడక్కడ మూడేండ్లు నిండని పసిబిడ్డ అడుగులు కనబడి, మళ్ళీ మాయమవుతవి. అనగా, ఆమె బిడ్డను మోస్తూ, చేతులు నొప్పి పుట్టినప్పుడు కొంచెంసేపు దించి, మళ్ళీ ఎత్తుకొని నడిచినదన్నమాట. బిడ్డ చంకలో ఉన్నప్పుడు ఆమె అడుగులు బరువుకు కొంచెం వెడల్పై, జారినట్లు కూడ కనబడుతున్నవి. తిరుగు ప్రయాణంలో ఆమె అడుగులున్నవి గాని, బిడ్డ జాడ లేదు. ఎక్కడో ఎవరికో అప్పగించి వచ్చినదని ఊహించవచ్చు.

ఈనాటి తల్లి చేసే పని కూడ ఇదే. కాసేపు నడిపించి, కాసేపు ఎత్తుకొంటుంది.

ఎన్ని కిలోమీటర్లు మోసినట్లు?

ఈ భారాన్ని లెక్కకట్టిన శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లీ. ఆయన ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో వేటతో, కందమూలఫలాలతో జీవించిన కుంగ్ ప్రజల మధ్య 1960 దశకంలో పరిశోధన చేశాడు. అక్కడి తల్లి కాయలు, దుంపలు ఏరడానికి పోయినప్పుడు బిడ్డ ఆమె ఒంటిపైనే ఉంటుంది. లీ లెక్క ప్రకారం మొదటి రెండేండ్లలో ఏటా 2,400 కిలోమీటర్లు, మూడవ ఏట 1,800, నాలుగవ ఏట 1,200 కిలోమీటర్లు తల్లి బిడ్డను మోస్తుంది. మొత్తం 7,800 కిలోమీటర్లు.

ఈ అంకెలలో గమనించదగిన సంగతి ఒకటున్నది. మోత ఒక్కనాటితో ఆగిపోలేదు. మూడవ ఏటినుండి క్రమంగా తగ్గుతూ వచ్చినది. బిడ్డ బరువు పెరుగుతుండగా మోసే దూరం తగ్గుతున్నది. మూడు నాలుగేండ్ల బిడ్డ చక్కగా నడవగలడు, పరుగెత్తగలడు. అయినా దూరప్రయాణంలో పెద్దలతో సమంగా రాలేడని ఆ తల్లులకు అనుభవం చెప్పినది.

చేయి కంటె బట్ట మేలు

బిడ్డను ఉత్త చేతులతో మోయడం కంటె బట్టతో ఒంటికి కట్టుకొని మోయడం తేలిక. అమెరికాలో 2007లో ప్రచురించిన ప్రయోగాలలో, శిశువంత బరువును చేతులతో పట్టుకొని నడిస్తే, బట్ట ఊతతో నడిచినప్పటి కంటె సగటున 16 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుందని తేలినది. మానవుడు మొట్టమొదట చేసుకొన్న సాధనాలలో బిడ్డను కట్టుకొనే వస్త్రమో, తోలుముక్కో ఒకటై ఉండునని ఊహించడానికి ఇది ఆధారం.

తూర్పు కనుమలలో ఈ సాధనం ఇంకా సజీవంగా ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ పరిసరాలలో భగత, కొండదొర, కోటియా, పోర్జా, గదబ మొదలైన గిరిజనులు నివసిస్తున్నారు. వాలు భూముల సేద్యం, అడవి ఫలసాయం, వారపు సంత - వీటన్నిటికీ కొండదారులే ఆధారం. బిడ్డను గుడ్డతో వీపుకో, నడుముకో కట్టుకొన్న తల్లికి రెండు చేతులు ఖాళీగా ఉంటవి. ఏటవాలు దారిలో కొమ్మ పట్టుకోవాలన్నా, నెత్తిమీది గంపను నిలుపుకోవాలన్నా చేతులే కదా కావలసినవి. బరువు ఒంటికి అంటుకొని ఉండడం వలన తూకం తప్పదు. సరుకులకు కావిడి, నడవలేని రోగికి డోలీ, బిడ్డకు గుడ్డ - కొండదారి కనిపెట్టిన వాహనాలివి. వీటిలో దేనికీ చక్రం లేదు.

చక్రానికి బాట కావాలి

చక్రం తెలియక కాదు. సింధులోయ నాగరికత నాటికే మన దేశపు పిల్లలు మట్టి బండ్లతో ఆడుకొన్నారు. శూద్రకుని "మృచ్ఛకటికం" అనే నాటకానికి పేరు వచ్చినదే ఒక పిల్లవాని మట్టిబండి వలన. కొండలలో పెరిగే అంకుడు కర్రతో ఏటికొప్పాక పనివారు చేసే లక్కబొమ్మలలో చక్రాల బొమ్మలున్నవి. నడక నేర్చే బిడ్డకు వడ్రంగి చేసి ఇచ్చే మూడు చక్రాల నడకబండి తెలుగు ఇండ్లన్నిటికీ తెలిసినదే. కాని ఆ బండి బిడ్డను మోసేది కాదు, బిడ్డ త్రోసేది. ఇంటి నున్నని నేలమీద మాత్రమే అది దొర్లుతుంది.

ఇందుకు కారణం యంత్రశాస్త్రంలో ఉన్నది. బిడ్డ 18 కిలోలు, బండి 7 కిలోలు, మొత్తం 25 కిలోలనుకొందాం. నున్నని సమతలంపై దీనిని నడపడానికి సుమారు అరకిలో బరువుకు సమానమైన బలం చాలు. పదడుగులకు ఒక అడుగు లేచే వాలుపై దానికి అదనంగా రెండున్నర కిలోల బలం కావాలి. అనగా మొత్తం ఆరు రెట్లు. దారిలో మూడు సెంటీమీటర్ల రాయి అడ్డు వచ్చినదనుకొందాం. చక్రం వ్యాసార్థం 7.5 సెంటీమీటర్లయితే, దానిపై ఉన్న బరువుకు 1.3 రెట్ల బలంతో త్రోస్తే గాని అది రాతిని ఎక్కదు. వ్యాసార్థం 30 సెంటీమీటర్లయితే ఆ బరువులో సగం బలం చాలు. ఎడ్లబండికి పెద్ద చక్రాలు పెట్టిన మన పూర్వుల తెలివి ఇక్కడ తెలుస్తుంది. చిన్న చక్రాల బండి చదునైన బాటకు మాత్రమే పనికివస్తుంది.

కనుకనే పిల్లలబండి ప్రభువుల ఉద్యానవనాలలో మొదలైనది. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే శిల్పి డెవన్షైర్ ప్రభువు పిల్లలకోసం గవ్వ ఆకారంలో ఒక బండి చేశాడు. దానిని మేకో, పొట్టి గుర్రమో లాగేది. తరువాత పందొమ్మిదవ శతాబ్దంలో నగరాల కాలిబాటలు బాగుపడినకొలది, మనుష్యులు త్రోసే బండ్లు వ్యాపించినవి. 1888లో గాలిచక్రానికి పేటెంటు పొందిన డన్‌లప్ కూడ మొదట తన కుమారుని మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికే ఆ యత్నం చేశాడు.

అసలైన మార్పు 1965లో వచ్చినది. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రపు కాళ్ళను రూపొందించిన ఓవెన్ మెక్‌లారెన్ అనే ఇంజనీరు, తన కుమార్తె బరువైన బండితో ప్రయాణాలలో పడే ఇబ్బంది చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగువలె ముడుచుకొనే బండిని తయారుచేశాడు. దాని బరువు సుమారు 2.7 కిలోలు. విమానం చక్రాలను లోనికి ముడిచే ఉపాయమే పిల్లలబండిని చంకన పెట్టుకొని పోయేటట్లు చేసినది.

వినోదవనం తెచ్చిన కొత్త సమస్య

1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ ప్రారంభమైనది. చదును చేసిన బాటలపై, ఉదయం నుండి రాత్రి వరకు కుటుంబమంతా కాలినడకన తిరిగే ఏర్పాటు అది. ఇంటివద్ద బండి మానేసిన అయిదారేండ్ల పిల్లలు అక్కడ మళ్ళీ బండి ఎక్కారు. బండ్లు పెరిగి పెరిగి నడిచేవారికి దారిలేని స్థితి వచ్చినది. చివరకు 2019 మే 1 నుండి ఆ సంస్థ అమెరికాలోని తన వనాలలో 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించిన బండ్లను నిషేధించినది. మన హైదరాబాదు చెంత 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్‌సిటీలో ఇదే దూరసమస్యకు మరొక పరిష్కారం చూడవచ్చు: అక్కడ సందర్శకులను బస్సులలో త్రిప్పుతారు.

చిన్న కాలు, పెద్ద దూరం

ఇంటివద్ద అలుపెరుగని పిల్లవాడు వనంలో ఎందుకు అలసిపోతాడు? ఇంటివద్ద అతడు తన ఇష్టంవచ్చినప్పుడు పరుగెత్తి, ఇష్టంవచ్చినప్పుడు ఆగుతాడు. వనంలో పెద్దల వేగంతో, ఆగకుండా నడవాలి.

నడిచే కాలు లోలకం వంటిది. లోలకపు పొడవు మారితే ఊగే కాలం మారినట్లే, కాలి పొడవును బట్టి హాయిగా నడవగల వేగం మారుతుంది. ఈ వేగం కాలి పొడవు యొక్క వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. ఓడల నమూనాలను పరీక్షించిన విలియం ఫ్రౌడ్ పేర ఉన్న సంఖ్య దీనికి కొలత. వేగవర్గాన్ని, కాలి పొడవును గురుత్వ త్వరణంతో హెచ్చించగా వచ్చిన లబ్ధంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. అది 0.5 దగ్గరకు వచ్చినప్పుడు నడక మాని పరుగందుకొంటాము.

90 సెంటీమీటర్ల కాళ్ళున్న పెద్దవాడు గంటకు 4.8 కిలోమీటర్లు హాయిగా నడుస్తాడనుకొందాం. 45 సెంటీమీటర్ల కాళ్ళున్న నాలుగేండ్ల బిడ్డకు అంతే హాయి గంటకు 3.4 కిలోమీటర్ల వేగంలోనే లభిస్తుంది. పెద్దవాడు కొంచెం త్వరపడి 5.3 కిలోమీటర్ల వేగం అందుకొంటే బిడ్డ నడక పరుగుగా మారుతుంది. పెద్దవాడికి అడుగు 70 సెంటీమీటర్లు, బిడ్డకు 45 అనుకొంటే, అయిదు కిలోమీటర్లకు పెద్దవాడు వేసేవి సుమారు 7,100 అడుగులు. బిడ్డ వేసేవి 11,100. నడకకు ఒక్కొక్క కిలో శరీరానికి అయ్యే శక్తి వ్యయాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఎత్తేనని 2010లో పీటర్ వేయాండ్, అతని సహచరులు చూపించారు. పొట్టివారికి, కనుక పిల్లలకు, ఆ వ్యయం ఎక్కువ. "ఎత్తుకో" అనే మాట ఎల్లవేళలా మారాం కాదు.

కొండపిల్లలకు అలుపు లేదా?

కొండపిల్లలు పుట్టుకతోనే నడకలో గట్టివారని, వారికి అలుపే ఉండదని పల్లపువాసులు తేలికగా అనుకొంటారు. అలవాటు వలన గుండె, ఊపిరితిత్తులు, కండరాలు బలపడే మాట నిజమే. కాని అలవాటు కాలిని పొడుగు చేయదు. అరకు బిడ్డకైనా, హైదరాబాదు బిడ్డకైనా పైన చెప్పిన లెక్క ఒక్కటే.

చట్టం కూడ దీనిని గుర్తించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని అనుసరించి కేంద్రప్రభుత్వం 2010లో రూపొందించిన నమూనా నియమాలలో, ఒకటి నుండి అయిదు తరగతుల బడి కిలోమీటరు నడక దూరంలోను, ఆరు నుండి ఎనిమిది తరగతులది మూడు కిలోమీటర్లలోను ఉండాలన్నారు. కొండలు, వరదలు, దారిలేమి ఉన్నచోట ఈ దూరాన్ని ఇంకా తగ్గించాలన్నారు. బిడ్డ కాలిని కొలబద్దగా తీసుకొన్న నియమమిది. కొండబిడ్డ ఎంత దూరమైనా నడుస్తాడులే అనే మాటకు ఇది సరైన జవాబు. రోడ్డులేని గూడేలనుండి రోగులను, గర్భిణులను డోలీలలో దించుకొని రావలసిన స్థితి ఇటీవలి వరకు వార్తలకెక్కుతూనే ఉన్నది. 2025లో రాష్ట్రప్రభుత్వం "అడవి తల్లి బాట" పేర గిరిజన గ్రామాలకు రోడ్ల నిర్మాణం చేపట్టినది. మంచి బాట పడినచోటనే చక్రం మనిషి భుజాన్ని విడిపించగలదు.

ఎట్లా నిర్ణయించాలి?

మూడు సంగతులు కొలిచి చూడాలి. మొదటిది, దూరం. గంటా రెండుగంటల విహారానికి, మధ్యమధ్య కూర్చొనే వీలుంటే, అయిదేండ్ల బిడ్డకు బండి అనవసరం. పగలంతా తిరగవలసివస్తే ఆరేండ్ల వాడికైనా అది సహాయమే. రెండవది, బాట. అరకులోని పద్మాపురం ఉద్యానవనపు చదునైన దారులలో బండి నడవవచ్చు. బొర్రా గుహల తడి మెట్లమీద అది బిడ్డకు తోడు మరొక బరువు మాత్రమే. అక్కడ తల్లి గుడ్డ, తండ్రి భుజమే మేలు. మూడవది, కాలం. ఒకటి నుండి నాలుగేండ్ల పిల్లలను ఒకేసారి గంటకు మించి బండిలో కట్టి కూర్చోబెట్టరాదని, రోజుకు మూడు గంటలైనా వారు కదలాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించినది. బండి అలసిన బిడ్డ సేదదీరే పీటవలె ఉండాలి గాని, రోజంతా కూర్చొనే సింహాసనం కారాదు.

కాళ్ళలో బలహీనత, గుండెజబ్బు, ఇతర వైకల్యం ఉన్న పిల్లల విషయం వేరు. వారికి బండి లోకాన్ని చూపించే కాళ్ళవంటిది. అట్టి బిడ్డను చూచి "ఇంత పెద్దవాడికి బండా?" అని నవ్వడం తగదు.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని బడి ఆవరణలోనే చూపించవచ్చు. వంద మీటర్లు కొలిచి గీతలు గీసి, ఒకటవ తరగతి బిడ్డను, పదవ తరగతి విద్యార్థిని ప్రక్కప్రక్కన నడిపించి, ఇద్దరి అడుగులను లెక్కించాలి. తరువాత ఇద్దరి కాళ్ళ పొడవు కొలవాలి. ఆ రెండు అంకెలను నల్లబల్లపై వ్రాసిన తరువాత, చెల్లెలిని చేయిపట్టుకొని బడికి తెచ్చే ప్రతి పిల్లవాడు మరునాడు తన నడకను కొంచెం తగ్గించుకొంటాడు.